నాలుక తిరిగొచ్చే వారం

"ఆ మాత్ర నా కడుపులోకి పోతుంది, దాని పనేదో అది చూసుకుంటుంది. నా నాలుక జోలికి మాత్రం రాదు. దానికంత ధైర్యం లేదు."

కోంగ్మా ఈ మాట సుబన్ ఇంటి కింద, స్తంభాల నీడలో వేసిన వెదురు మంచం మీద కూర్చుని అన్నాడు. పోంగ్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో దానికి ఎదురు చెప్పగలిగినవాడు లేడు. కోంగ్మా నాలుక అలాంటిది మరి. చేప ముక్క నోట్లో పెట్టుకుంటే అది ఏ చెరువుదో చెప్పేవాడు. ఆ చెరువు ఎవరిదో చెప్పేవాడు. ఆ మనిషి పొద్దున వల వేసేముందు పెళ్ళాంతో పోట్లాడాడో లేదో కూడా చెప్పేవాడు. ఈ మూడోది నాలుకతో కాదు, గోడ పక్కన నిలబడి చెవులతో కనిపెట్టేవాడని గిట్టనివాళ్ళు అంటారు. అలాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

ఆ ధీమా పౌర్ణమి దాటలేదు.

పౌర్ణమి నాడు విహారంలో ఊరందరికీ వెదురు మొలకల పులుసు. ఎప్పటిలాగే గరిటె కోంగ్మా చేతికిచ్చారు. ఆయన రుచి చూశాడు. ఉప్పు తక్కువనిపించింది. వేశాడు. ఇంకా తక్కువే. మళ్ళీ వేశాడు. ఆ తర్వాత డబ్బానే వంచాడు. ఆ మధ్యాహ్నం ఊళ్ళో వాననీళ్ళు నిలవచేసుకున్న కుండలన్నీ అడుగంటాయి. కొందరు నదికి పరిగెత్తారు. నదిలో నీరు కాస్త తగ్గిన మాట వాస్తవమేనని తర్వాత చెప్పుకున్నారు. పెద్ద భిక్షువు ఒక్కడే, పెట్టింది వదలకూడదని, గిన్నె ఖాళీ చేశాడు. ఆ సాయంత్రం ధర్మబోధ జరగలేదు. ఆయన నాలుక లేవలేదు.

"బావా, ఇంతకీ పులుసు పెట్టావా, ఊరందర్నీ కలిపి జాడీలో ఊరబెట్టావా?" అన్నాడు సుబన్, మూడో చెంబు నీళ్ళు ఎత్తుతూ. సుబన్ కోంగ్మాకి బావమరిది, చచ్చిపోయిన పెళ్ళాం లందువన్‌కి తమ్ముడు. అందుకని ఏమైనా అనే హక్కు ఉంది.

"మొలకలు చప్పటివి. నేనేం చెయ్యను?"

"మొలకలు బానే ఉన్నాయి. నువ్వే చప్పబడ్డావు."

కోంగ్మా ఇంటికెళ్ళి ఉప్పు చిటికెడు, పంచదార చిటికెడు, కారం చిటికెడు ఒకదాని తర్వాత ఒకటి నాలుక మీద వేసుకున్నాడు. మూడూ తడిసిన అట్టముక్కల్లా ఉన్నాయి. కారం మాత్రం వెళ్ళేటప్పుడు కాస్త గిల్లి వెళ్ళింది, పాత స్నేహం కొద్దీ.

లందువన్ పోయిన కొన్ని నెలలకి, ఆ మాత్ర వేసుకోవాల్సొచ్చిన జబ్బు బయటపడింది. ఆవిడ ఒక పొద్దున పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే వెళ్ళిపోయింది. ఆ తర్వాత వేసవిలో కోంగ్మా కళ్ళు మామిడిపండు రంగుకి తిరిగాయి. ఖోన్‌కేన్‌లో పెద్దాసుపత్రికి కూతురు పింఫా తీసుకెళ్ళింది. డాక్టర్ ప్రావ్ అని ఒక చిన్నపిల్ల కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. కాలేయం నుంచి పైత్యం దిగే గొట్టంలో పుట్టిన క్యాన్సర్. పచ్చి చేపలోని పురుగు ఆ గొట్టంలో చేరి ఏళ్ళ తరబడి కాపురముంటే వస్తుందట. అది కాలేయమంతా పాకింది. కత్తి పెట్టే దశ దాటిపోయింది. గొట్టంలో చిన్న నాళం పెట్టి పసుపు దించారు. సూదిమందు ఎక్కించారు. దానికి జబ్బు లొంగలేదు. అప్పుడు కణుతి ముక్కని బ్యాంకాక్ పంపిస్తే దాని జన్యువుల్లో ఒక తప్పు కనబడింది. ఈ జబ్బున్నవాళ్ళలో ఏ కొద్దిమందికో ఉండే తప్పు అది. ఆ ఒక్క తప్పునే వెతికి పట్టుకుని దాని నోరు మూయించే మాత్ర ఉందట. రోజుకొకటి, నోట్లో వేసుకుని మింగడమే. రెండు వారాలు వేసుకోవాలి, ఒక వారం మానాలి, మళ్ళీ మొదలుపెట్టాలి.

ఊరికి తిరిగొచ్చాక కోంగ్మా చెప్పిన మొదటి మాట ఇది: "నాది అల్లాటప్పా జబ్బు కాదు. బ్యాంకాక్ వెళ్ళి పరీక్ష పాసై వచ్చింది."

మాత్ర పనిచేసింది. మొదటి స్కాన్‌లోనే కణుతి కుంచించుకుపోయింది. కోంగ్మా మళ్ళీ లేచి తిరగడం మొదలుపెట్టాడు. దానికి బదులుగా మాత్ర చిన్న చిన్నవి కొన్ని పట్టుకుపోయింది. నోట్లో తడి పట్టుకుపోయింది. కాలి గోళ్ళు ఒక్కొక్కటే పైకి లేచాయి. జుట్టు సగం పోయింది, అదెలాగూ సగమే ఉండేది. అన్నిటికంటే ముందు రుచి పట్టుకుపోయింది. పైగా రక్తంలో ఫాస్ఫరస్ అనే ఒకటి పెరుగుతుందట, అందుకని ఎండు చేప వద్దు, పల్లీలు వద్దు, ప్లారా అసలే వద్దు అంది డాక్టర్. ఉప్పూ తవుడూ పట్టించి జాడీలో నెలల తరబడి మగ్గబెట్టిన చేపని వద్దనడమంటే ఆ ఊళ్ళో గాలి పీల్చొద్దన్నట్టే. భోజనంతో నమలమని ఏవో తెల్ల బిళ్ళలు కూడా ఇచ్చింది. సుద్దముక్కల్లా ఉంటాయని పింఫా అంది. కోంగ్మాకి అన్నం, చేప, బిళ్ళ అన్నీ సుద్దముక్కలే కాబట్టి ఇబ్బంది లేదు.

రుచి లేని నోటితో కూర్చున్నవాడికి చేసే పనేముంటుంది? పాత రుచులు నెమరేసుకోవడమే.

కోతలయ్యాక చలికాలంలో చెరువు తోడేసేవాళ్ళు. కోంగ్మా, సుబన్, ఖేన్, తోంగ్సా, నలుగురూ మోకాటి లోతు బురదలో దిగి తెల్ల పొలుసు చేపల్ని దోసిళ్ళతో పట్టేవాళ్ళు. గట్టు మీదే చింతమొద్దు, దాని మీద రెండు కత్తులతో ఖేన్ తాళం వేస్తున్నట్టు తరిగేవాడు. ఆ చప్పుడు వినపడితే పక్క ఊళ్ళో మగాళ్ళకి కూడా ఈ ఊరి పొలంలో పనుందని గుర్తొచ్చేది. తరిగిన పచ్చి చేపలో నిమ్మరసం పిండాలి, వేయించి దంచిన బియ్యప్పొడి, ఎండుమిరప, పుదీనా, దొరికితే చీమగుడ్లు. కలపడం మాత్రం కోంగ్మా పని. చేప గులాబీ రంగు పోయి తెల్లబడేదాకా ఆగి, "ఉడికింది, రండి" అనేవాడు. పొయ్యి లేదు, నిప్పు లేదు. నిమ్మరసం పడి తెల్లబడితే ఉడికినట్టే. ఇంకా ఏదైనా పురుగు మిగిలి ఉంటే సారా చూసుకునేది. అలా ఊళ్ళో అందరికీ తెలుసు. తాతలకీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ సరిచూడలేదు.

లందువన్ ఒక్కతే సరిచూసింది. "నిమ్మకాయ పొయ్యా? అయితే ఇయ్యాల బియ్యం కూడా దానిమీదే పెట్టు, కట్టెలు మిగుల్తాయి" అనేది. తన వాటా గిన్నె లాక్కెళ్ళి పొయ్యి మీద పెట్టి ఉడికించుకు తినేది. మగాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఆవిడ నవ్వేది కాదు.

తర్వాత ఖేన్ పసుపుపచ్చగా అయ్యాడు. అప్పట్లో మాత్రలూ లేవు, బ్యాంకాక్ పరీక్షలూ లేవు. చాప మీద పడుకోబెట్టి చుట్టూ కూర్చోవడమే. ఖేన్ పోయాక కర్మకి వచ్చినవాళ్ళకి ఏం పెట్టారయ్యా అంటే, పచ్చి చేపే పెట్టారు. వాడికి ఇష్టమని. అందరూ కళ్ళు తుడుచుకుంటూ తిన్నారు. తోంగ్సా అయితే మూడుసార్లు వడ్డించుకున్నాడు. రెండేళ్ళకి తోంగ్సా కర్మకి కూడా అదే పెట్టారు. ఆ రోజు నుంచి సుబన్ ఉడికించిందే తింటున్నాడు. కనీసం అక్క చూస్తుండగా ఉడికించిందే తినేవాడు.

ఇంత తెలిసీ కోంగ్మా కలలోకి వచ్చేది ఆ చెరువు గట్టే. మనిషి మనసుకి సిగ్గుండదు.

అసలు లందువన్ పరిచయమైందీ నాలుక వల్లే. ఎవరిదో పెళ్ళి. ఆవిడ వడ్డిస్తోంది. ఇరవయ్యేళ్ళ కోంగ్మా పులుసు ఒక గుక్క తాగి, పదిమంది వినేలా, "ఈ ప్లారా పెట్టిన ఇంటికి కప్పు కారుతోంది. జాడీలో వాన చుక్క పడింది" అన్నాడు. ఆ పిల్ల గిన్నె కింద పెట్టి, "పడింది. తూర్పు మూల. నిచ్చెన మాదే ఉంది, రేపొచ్చి కప్పు వెయ్యి" అంది. వెళ్ళి వేశాడు. మూడు రోజుల పనిని మూడు నెలలు చేశాడు. ఆఖరికి వాళ్ళ నాన్న కప్పు విప్పడం మానేస్తావా, పిల్లనిచ్చెయ్యమంటావా అని అడిగాడు.

అప్పటి నుంచి ఏటేటా ఆవిడ జాడీ పెట్టేది, మూత తీసిన రోజు మొదటి చుక్క కోంగ్మా నాలుక మీద వేసి, చేతులు కట్టుకుని తీర్పు కోసం నిలబడేది. పోయే ముందు కూడా ఒక జాడీ పెట్టింది. అది ఇంకా వంటింటి మూలన మూత బిగించి ఉంది.

అదే అసలు చిక్కు. లందువన్ పేరు మీద పుణ్యపు విందు చెయ్యాలి. ఆ రోజు భిక్షువులకి పెట్టింది పోయినవాళ్ళకి చేరుతుంది. ఆవిడకి చేరాల్సింది ఆవిడ వెదురు మొలకల పులుసు, ఆవిడ జాడీలో ప్లారా వేసి. ఆ రుచి సరిగ్గా కుదిరిందో లేదో చెప్పడానికి ప్రపంచంలో ఒకటే నాలుక ఉంది. అది సెలవులో ఉంది.

మాత్ర మానే వారంలో మాత్రం ఒక వింత జరిగేది. వారం చివరికొచ్చేసరికి, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు, నాలుక మీదకి పులుపు వచ్చేది. మర్నాడు ఉప్పు. ఆ తర్వాత తీపి గుమ్మం దాకా వచ్చి తొంగిచూసేది. అంతలోనే మాత్ర మొదలుపెట్టే రోజు వచ్చేది. బస్సుకి టైమైన చుట్టంలా రుచి లేచి వెళ్ళిపోయేది.

పెద్ద భిక్షువు విందుకి ముహూర్తం పెట్టాడు. అది సరిగ్గా మాత్ర వేసుకునే వారాల నడిమధ్యన పడింది.

"స్వామీ, వారం ముందుకి జరిపితే?" అని అడిగాడు కోంగ్మా.

"ఎందుకూ?"

"ఊరికే."

"ఊరికే జరపడానికి అదేమన్నా పశువుల కొట్టమా?" అన్నాడు భిక్షువు. ఉప్పు పులుసు ఆయన ఇంకా మర్చిపోలేదు.

కోంగ్మా ఆలోచించాడు. డాక్టర్‌ని అడగొచ్చు. అడిగితే వద్దంటుంది. వద్దన్నాక చేస్తే తప్పు. అడక్కుండా చేస్తే తెలియక చేసినట్టు. ఈ లెక్క ఆయనకి ఎంత బాగా నచ్చిందంటే, దాన్ని తనే కనిపెట్టినందుకు ఒక పూట గర్వపడ్డాడు కూడా.

పింఫా వలల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తెల్లారగానే ఫ్యాక్టరీ వ్యాను వస్తుంది. ఆ లోపు తండ్రి అరచేతిలో మాత్ర పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. వేల ముడుల్లో ఒక్క వదులు ముడి ఉన్నా దూరం నుంచే కనిపెట్టే కళ్ళు ఆ పిల్లవి. కానీ తండ్రి బుగ్గ లోపల వల కట్టి లేదు.

"మింగావా?"

"ఊఁ."

"నీళ్ళు తాగు."

తాగేవాడు. నోరు ఎంత పొడిబారిపోయిందంటే నీళ్ళు వెళ్ళిపోయినా మాత్ర బుగ్గకి బల్లిలా అతుక్కుని కూర్చునేది. వ్యాను మలుపు తిరగ్గానే దాన్ని గోటితో గీరి తీసి, లందువన్ సున్నం డబ్బాలో దాచేవాడు. అన్నంతో నమలమన్న తెల్ల బిళ్ళలు మాత్రం ఒక్కటి వదలకుండా నమిలేవాడు. పథ్యంలో ఎక్కడా తప్పు చేసేవాడు కాదు. మోసంలో కూడా ఒక నిజాయితీ ఉండాలని ఆయన అభిప్రాయం.

విందు రోజు వచ్చింది. భిక్షువులు బారులు తీరి కూర్చున్నారు. జిగురన్నం బుట్టలు, కాల్చిన కోళ్ళు, అరటాకులో తీపి, నడుమ పెద్ద కుండలో లందువన్ పులుసు. పింఫా వండింది. సుబన్ ఉప్పు డబ్బాని చంకలో పెట్టుకుని కుండకి పది అడుగుల దూరంలో కాపలా నిలబడ్డాడు.

"నన్ను దొంగని చూసినట్టు చూస్తావేంట్రా?"

"నిన్ను కాదు బావా. మా అక్క పైనుంచి దాహం దాహం అని కలలోకొస్తే నేను రాత్రంతా మేలుకోలేను."

పింఫా గరిటెలో కాస్త తీసి, ఊది, తండ్రి ముందు పెట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా పని ఆపి చూశారు. కోంగ్మా నోట్లో పోసుకున్నాడు.

ఉప్పు తెలిసింది. కారం తెలిసింది. ఇక మిగతాది రావాలి. ఆ మగ్గిన వాసన వెనక తవుడు, తవుడు వెనక పొగ, పొగ వెనక ఆవిడ. ఆయన కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు. ఇంకాసేపు ఎదురుచూశాడు. ఎవరో ముక్కు చీదారు. ఒక ముసలావిడ చేతులు జోడించింది. పెద్ద భిక్షువు కూడా మెడ సాచి చూస్తున్నాడు. ఇంతమంది మధ్యలో ఇంకా ఎంతసేపని కళ్ళు మూసుకుంటాడు?

"ఇదే" అన్నాడు కోంగ్మా. "ఇది లందువన్ చెయ్యే. మొన్న పెట్టినట్టుంది."

సుబన్ ఉప్పు డబ్బా పట్టుకునే బావురుమన్నాడు. పింఫా మాత్రం తండ్రి వైపు ఒక్కసారి అదోలా చూసి, గరిటె కడగడానికి వెళ్ళిపోయింది.

విందు ముగిసింది. ఇక మర్నాటి నుంచి మాత్ర మింగాలని కోంగ్మా గట్టిగా నిర్ణయించుకున్నాడు. ఆయన నిర్ణయాలు ఎప్పుడూ గట్టివే.

ఆ తర్వాత వారంలో ఖోన్‌కేన్ వెళ్ళారు. పొద్దున రక్తం తీసుకున్నారు, స్కాన్ చేశారు, మధ్యాహ్నం డాక్టర్ ప్రావ్ గదిలోకి పిలిచింది. ఆ పిల్ల తెర మీద అంకెలు చూసి, కోంగ్మాని చూసి, మళ్ళీ అంకెలు చూసింది.

"తాతగారూ, మీ ఫాస్ఫరస్ చాలా బావుందండీ."

కోంగ్మా కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నాళ్ళూ ఆ అంకె పెరిగిందని తిట్లు తినడమే గానీ పొగడ్త వినలేదు. "ఉండదా అమ్మా మరి! నోరు కట్టుకున్నా. ప్లారా లేదు, ఎండు చేప లేదు, పల్లీ గింజ లేదు. మా ఊరి పిల్లులు నా కంచం చూసి జాలిపడి, వాటి ఇళ్ళలోంచి చేప తోకలు తెచ్చి పెట్టిపోతున్నాయి."

"నాకంటే బావుంది. ఆ నర్సమ్మకంటే బావుంది."

"చూశావా పింఫా?"

"అదే నాకు అర్థం కావట్లేదు తాతగారూ." డాక్టర్ కుర్చీ ముందుకి జరిపింది. "ఈ మాత్ర ఒంట్లో ఉంటే ఆ అంకె పైకి లేస్తుంది. మీరు ఎంత పథ్యం చేసినా, ఎన్ని బిళ్ళలు నమిలినా, ఎంతో కొంత లేచి తీరుతుంది. అది మరీ లేవకూడదనే కదా మీ నోరు కట్టేసింది. అసలు లేవకపోతే మాత్రం..." అంటూ ఆగింది. "ఇది మందు మొదలుపెట్టక ముందు మీకున్న అంకె."

కోంగ్మా బుర్రలో ఏదో జారి పడింది. తను ఇన్నాళ్ళూ ఆ అంకెని జ్వరం లాంటిదనుకున్నాడు. ఎంత తగ్గితే అంత మెప్పు అనుకున్నాడు. అది తన ఇంట్లోనే కూర్చుని తన మీద చాడీలు మోస్తోందని తెలియదు.

"మిషన్ పాడైందేమో" అన్నాడు.

"రెండుసార్లు చేయించాను."

"నా ఒళ్ళు వేరే రకం అమ్మా. బ్యాంకాక్‌లో కూడా అదే..."

"నాన్నా" అంది పింఫా.

డాక్టర్ తెర తిప్పి చూపించింది. కాలేయంలో బూడిదరంగు మచ్చ. "పోయినసారి తగ్గుతూ వచ్చింది కదా. ఈసారి తగ్గలేదు. పెరగలేదు కూడా, అది మన అదృష్టం. మాత్ర పనిచేయడం మానేసిందా, మీరు వేసుకోవడం మానేశారా అన్నది నాకు తెలియాలి. మొదటిదైతే నేను ఈ మందు ఆపేసి ఇంకోటి వెతకాలి. వెతకడానికి పెద్దగా ఏమీ లేవు. కాబట్టి నిజం చెప్పండి."

కోంగ్మా తన కాలి వేళ్ళ వంక చూసుకున్నాడు. లేచిపోయిన గోళ్ళ కింద కొత్త గోళ్ళు బుద్ధిగా పెరుగుతున్నాయి. అవి కూడా చాడీలే.

"పోయిన వారం విందు కోసం మానేశాను" అన్నాడు. "నా భార్యది. పులుసు రుచి చూడాలి కదా. నాలుక కావాలి కదా. కొన్ని రోజులే అనుకున్నా."

డాక్టర్ కలం కింద పెట్టింది. తర్వాత మెల్లగా అంది: "నన్ను అడగాల్సింది తాతగారూ. మానే వారాన్ని అటూ ఇటూ జరపొచ్చో లేదో చూసేదాన్ని. ఒక్క ఫోన్ చేస్తే పోయేది."

కోంగ్మా కనిపెట్టిన లెక్క అక్కడికక్కడే చచ్చిపోయింది.

"అంత చేసి రుచి తెలిసిందా నాన్నా?" అంది పింఫా. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"తెలియకేం? అందరి ముందూ చెప్పాను కదా. మీ అమ్మ చెయ్యే."

"అది సంతలో కొన్న ప్లారా."

"ఏంటీ?"

"మంగళవారం సంత. చింతచెట్టు కింద కూర్చునే లావుపాటావిడ దగ్గర. నువ్వెప్పుడూ ఆవిణ్ణి చూసి చేపల్ని అవమానించే మనిషి అంటావే, ఆవిడ. అమ్మ జాడీ మూత నేను తియ్యనే లేదు. నీకు నాలుక లేనప్పుడు తీసి ఏం లాభం అనుకున్నా. మందు సర్దుకున్నాక, డాక్టరమ్మని అడిగి, ఎప్పుడో నీకు చుక్కైనా పెట్టి అప్పుడు తీద్దామనుకున్నా. నువ్వేమో కళ్ళు మూసుకుని 'మొన్న పెట్టినట్టుంది' అన్నావు. నాకు అప్పుడే తెలిసింది నీకేం తెలియట్లేదని. పాపం అనుకున్నాను. మందు మానేశావని మాత్రం అనుకోలేదు."

కోంగ్మా నోరు తెరిచి, మళ్ళీ మూసి, పొడి నాలుకతో పెదాలు తడుముకున్నాడు.

"ఉప్పు తెలిసిందమ్మా" అన్నాడు చివరికి. "మిగతాది నేనే కలిపి చెప్పాను."

పింఫా కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకుని డాక్టర్ కాగితం రుమాళ్ళ పెట్టె జరిపింది. ఏడుస్తూనే ఉంది, కాకపోతే నవ్వు కూడా కలిసిపోయింది. "మామ ఉప్పు డబ్బా పట్టుకుని ఎంత ఏడ్చాడు!" అంది.

"తాతగారూ," అంది డాక్టర్, ఆ పిల్ల మాత్రం నవ్వకుండా, "విందు అయి వారం కావస్తోంది. మర్నాడే మళ్ళీ మొదలుపెట్టి ఉంటే ఈపాటికి అంకె ఎంతోకొంత లేచేది."

నవ్వు ఆగిపోయింది. తండ్రి వైపు తిరిగింది పింఫా.

కోంగ్మాకి ఇక దాగడానికి చోటు లేదు.

"మొదలుపెడదామనే అనుకున్నా. విందయిన రెండో రోజు చింతచిగురు నోట్లో వేసుకున్నా, ఊరికే. పులుపు తన్నుకుంటూ వచ్చింది. పులుపుతో పాటు మా అమ్మ వచ్చింది, కొంగులో చిగురు పోసుకుని. ఆ మర్నాడు మామిడికాయ. ఖేన్ గాడు వచ్చాడు, పక్కవాళ్ళ చెట్టు మీద కూర్చుని కాయలు విసురుతూ. కాల్చిన కోడి తింటే తోంగ్సా. ఏం తిన్నా ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటున్నారు. ఇంకా మీ అమ్మ రాలేదు. ఆవిడ ఎప్పుడూ ఆలస్యమే కదా. వచ్చేదాకా ఉందాం, ఇంకొక్కరోజు, ఇంకొక్కరోజు అనుకున్నా. మాత్ర మింగితే అందర్నీ లేచి వెళ్ళిపొమ్మన్నట్టే కదమ్మా."

పింఫా సంచిలోంచి మాత్రల సీసా తీసింది. ఒక మాత్ర తండ్రి అరచేతిలో పెట్టి, అక్కడున్న నీళ్ళ గ్లాసు అందించింది.

"అమ్మ ఎక్కడికీ పోదు నాన్నా. నువ్వు పోతే నేనొక్కదాన్నే ఆ జాడీ ముందు కూర్చోవాలి. నాకు రుచులు తెలియవు. నాకు ముడులే తెలుసు."

కోంగ్మా మాత్ర వేసుకున్నాడు. నీళ్ళు తాగాడు. ఎవరూ అడక్కుండానే నోరు తెరిచి, నాలుక ఎత్తి, రెండు బుగ్గలూ వేలితో లాగి చూపించాడు. డాక్టర్ టార్చి వేసి మరీ చూసింది.

"ఇక రోజూ ఇంతే" అంది పింఫా.

"ఇక నుంచి నాలుక తిరిగొచ్చే రోజులు ముందే లెక్క వేసుకుందాం" అంది డాక్టర్, ఏదో రాసుకుంటూ. "జాడీ అప్పుడు తీయండి. బాగా మరిగించి, చెంచాడు. నేను ఒప్పుకుంటాను. సరే, ఇంకేమైనా ఉందా నాకు చెప్పాల్సింది?"

"ఏమీ లేదమ్మా. అంతా కక్కేశాను."

"కోడి, మామిడికాయ, చింతచిగురు. అంతేనా? ఈ వారంలో చేప ఏమైనా తిన్నారా?"

"చేప... ఉడికించిందే."

"దేంతో ఉడికించింది?" అంది పింఫా.

కోంగ్మా ఏసీ వైపు చూశాడు. తెర మీది మచ్చ వైపు చూశాడు. చివరికి కూతురి వైపు చూశాడు.

"సుబన్ వద్దనే అన్నాడు" అన్నాడు. "వాడి తప్పేం లేదు. వాణ్ణి ఏమీ అనకు. కత్తి నాదే, కలిపిందీ నేనే."

"నాన్నా. ఎంత తిన్నావు?"

"రుచి చూశాను."

"ఎంత?"

"ఒక ముద్ద."

డాక్టర్ ఆ చేప పురుగుకి మందు చీటీ రాయడం మొదలుపెట్టి, కలం ఆపి, ఆయన వైపే చూస్తూ కూర్చుంది.

"గిన్నెడు" అన్నాడు కోంగ్మా.